నీళ్ళు కాచుకోమనడం జవాబు కాదు

2016 వర్షాకాలం చివర్లో మా ఊళ్ళో ఒక అమ్మాయి చనిపోయింది. ఎనిమిదో నెల గర్భిణి. తొలి కాన్పు. నాలుగు రోజులు వాంతులయ్యాయి, తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు అనుకుని ఇంట్లోవాళ్ళు పక్క ఊరికి తీసుకెళ్ళి పసరు పోయించారు. రెండు రోజులకు మాట తడబడసాగింది. పెద్దాసుపత్రికి చేర్చేసరికి స్పృహ లేదు. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

ఆ వీధిలో ఆ నెలలో కామెర్లు వచ్చింది ఆమె ఒక్కదానికే కాదు. మగవాళ్ళకొచ్చాయి, బడిపిల్లలకొచ్చాయి. వాళ్ళు పథ్యం చేసి లేచి తిరిగారు. పోయింది మాత్రం కడుపుతో ఉన్న పిల్ల. ఇది ఆమె తలరాత అన్నారు కొందరు. పుట్టింటికి వెళ్ళినప్పుడు బయట ఏదో తినుంటుందన్నారు ఇంకొందరు. ఆరోగ్య శాఖ వాళ్ళు వచ్చి ఇంటింటికీ కరపత్రాలు పంచారు. నీళ్ళు కాచి చల్లార్చి తాగండి, చేతులు కడుక్కోండి, పరిసరాలు శుభ్రంగా ఉంచుకోండి అని అందులో ఉంది. చనిపోయిన అమ్మాయి అత్తగారిని ఒకటే ప్రశ్న అడిగారట: "కోడలికి నీళ్ళు కాచి ఇచ్చావా?"

ఆమె మా సంఘం సభ్యురాలు. మేం పలకరించడానికి వెళ్ళినప్పుడు ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "నీళ్ళు ఎందుకు కాచలేదని నన్నడిగారమ్మా. ఆ నీళ్ళు అట్లా ఎందుకొచ్చాయో నేనెవర్ని అడగాలి?"

ఈ వ్యాసం ఆమె ప్రశ్నకు జవాబు వెదికే ప్రయత్నం.

మేం ముందు మునిసిపాలిటీకి వెళ్ళాం. ఇంజనీరుగారు కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. ట్యాంకు దగ్గర నీళ్ళు పరీక్ష చేయించామనీ, క్లోరిన్ సరిగ్గా ఉందనీ, రిపోర్టు కూడా ఉందనీ చెప్పి కాగితం చూపించారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ట్యాంకు దగ్గర నీళ్ళు నిజంగానే బాగున్నాయి. చిక్కంతా అక్కడే ఉంది. ట్యాంకు దగ్గర బాగున్న నీళ్ళు ఆ చివరి వీధిలో కుళాయి దగ్గరికి వచ్చేసరికి విషం ఎలా అయ్యాయి? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా మనం ఎన్ని ధర్నాలు చేసినా "ట్యాంకు దగ్గర బాగానే ఉన్నాయి" అనే కాగితం ముందు నోరు మూసుకుని వెనక్కి రావలసి ఉంటుంది. కాబట్టి కొంచెం ఓపిక చేసుకుని పైపుల సంగతి తెలుసుకుందాం. ఇది ఇంజనీర్ల విద్య అని భయపడనక్కర్లేదు. రోజూ బిందె పట్టుకుని కుళాయి ముందు కూర్చునేవాళ్ళకు ఇందులో తెలియనిది చాలా తక్కువ.

నీళ్ళు ఎప్పుడూ ఒకే వైపు పోతాయని మనం అనుకుంటాం. ట్యాంకు నుంచి పైపులోకి, పైపు నుంచి కుళాయిలోకి, కుళాయి నుంచి బిందెలోకి. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపే ఇది నిజం. ఒత్తిడి ఉన్న పైపుకు చిల్లు పడితే నీళ్ళు బయటికి చిమ్ముతాయి గాని బయటి మురికి లోపలికి రాదు. వాల్వు కట్టేశాక సంగతి వేరు. పల్లంలో ఉన్న ఇళ్ళవాళ్ళు మిగిలిన నీళ్ళు పట్టుకుంటూ ఉంటే మెరకన పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అవుతున్న పైపు లోపలికి పీలుస్తుంది. గాలి దొరికితే గాలి, గాలి దొరక్కపోతే ఏది దొరికితే అది. తుప్పు పట్టిన జాయింటు మురుగు కాలువలో మునిగి ఉంటే మురుగునే పీలుస్తుంది. ఇలా నీరు వచ్చిన దారినే వెనక్కి మళ్ళడాన్ని ఇంజనీర్లు బ్యాక్‌ఫ్లో అంటారు. మర్నాడు వాల్వు తిప్పగానే ఆ పీల్చుకున్న మురికే మొదటి బిందెలో పడుతుంది. "మొదటి బిందె పారబోయాలి" అని మన అమ్మమ్మల కాలం నుంచీ ఆడవాళ్ళకు తెలిసిన నియమం ఊరికే పుట్టలేదు.

మా చివరి వీధికి వద్దాం. అక్కడ కుళాయిలు నేలకు పైన ఉండవు. నీళ్ళు పైకెక్కవు గనక ఇంటి ముందు అడుగున్నర లోతు గుంట తవ్వి, పైపు అక్కడే కోసి, అందులో బిందె దింపి పట్టుకుంటారు. గుంట పక్కనే కాలువ. వానాకాలంలో గుంటా కాలువా ఏకమవుతాయి. పైపు మూతి ఆ నీళ్ళలో మునిగి ఉంటుంది. సరఫరా ఆగినప్పుడు ఆ పైపు ఏం పీలుస్తుందో వేరే చెప్పాలా? ఆ ఇంటివాళ్ళు తమ ఇంట్లోకి మాత్రమే దాన్ని తెచ్చుకోరు. అది పెద్ద లైనులోకి పోయి మొత్తం వీధికి పంపకమవుతుంది.

గుంట తవ్వడం వాళ్ళ తప్పేనా? కేంద్ర ప్రభుత్వం 1999లో వేసిన నీటి సరఫరా మాన్యువల్ ప్రకారం ఒక అంతస్తు ఇళ్ళున్న చోట కూడా పైపులో కనీసం 7 మీటర్ల ఒత్తిడి ఉండాలి. అంటే ఇంటి ముందు పైపును నిలువుగా పైకి పెడితే నీళ్ళు తాటిచెట్టులో సగానికి ఎక్కాలి. మా చివరి వీధిలో మోకాలెత్తు ఎక్కవు. నీళ్ళ పైపుకూ మురుగు పైపుకూ మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలనీ, ఒకదాన్నొకటి దాటవలసిన చోట నీళ్ళ పైపు పైన ఉండాలనీ కూడా ఆ నియమాల్లో ఉంది. మా వీధి వెడల్పే అంత ఉండదు. ఇంటి కనెక్షన్ పైపులు కాలువలోంచే పోతాయి. నియమం రాసింది ప్రభుత్వం, దాన్ని తప్పింది మునిసిపాలిటీ, గుంట తవ్వుకున్నది పేదవాళ్ళు, జవాబు చెప్పవలసి వచ్చింది ఒక అత్తగారు.

గుంటలో కుళాయి మన దరిద్రానికే గుర్తు, బాగుపడిన దేశాల్లో ఇలాంటివి జరగవు అనుకునేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. 1969లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మొత్తం కామెర్ల పాలయింది. పరీక్షలు చేస్తే 97 మందిలో 90 మందికి వ్యాధి సోకినట్టు తేలింది. రెండు ఆటలాడి ఆ ఏటికి జట్టు ఆట మానుకోవలసి వచ్చింది. కారణం వెదుక్కుంటూ పోతే మైదానానికి నీళ్ళు పెట్టే కుళాయిలు నేలలోకి దింపిన గుంటల్లో ఉన్నాయి. పక్క ఇంట్లో కామెర్లు సోకిన పిల్లలు అక్కడే ఆడుకునేవారు. ఊళ్ళో ఎక్కడో మంటలు లేచి అగ్నిమాపక దళం లైన్లలోంచి నీళ్ళు తోడితే ఒత్తిడి పడిపోయింది, గుంటల్లోని నీళ్ళు పైపులోకి వెనక్కి పోయాయి, ఆటగాళ్ళు ఆ నీళ్ళు తాగారు. కొద్దిసేపు ఒత్తిడి పడిపోతేనే అంత జరిగింది. మన ఊళ్ళలో ఒత్తిడి రోజూ పడిపోతుంది. గంటసేపు నీళ్ళిచ్చి ఇరవై మూడు గంటలు ఖాళీగా ఉంచే పైపు రోజూ పీలుస్తుంది.

ఈ సంగతి ఆడవాళ్ళ హక్కుల పత్రికలో ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు చెప్తాను. మురుగు కలిసిన నీటి ద్వారా వ్యాపించే కామెర్లలో హెపటైటిస్ ఈ అనేది ఒకటి. మామూలు మనుషులకు అది చాలావరకు తనంతట తానే తగ్గిపోతుంది. గర్భిణులకు, అందులోనూ చివరి మూడు నెలల్లో ఉన్నవాళ్ళకు సోకితే ప్రతి వందమందిలో 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒకే కుళాయి నీళ్ళు తాగిన ఇంట్లో భర్త బతికి భార్య పోవడం తలరాత కాదు. అది ఆ వ్యాధి లక్షణం. వ్యాధి లక్షణం తెలిసి కూడా గర్భిణులున్న వీధికి ఆ నీళ్ళు పంపడం మాత్రం ప్రభుత్వ లక్షణం.

మన దేశానికి ఇది కొత్త కాదు. 1955 డిసెంబరులో ఢిల్లీలో కామెర్లు ప్రబలాయి. కళ్ళు పచ్చబడినవాళ్ళే 29 వేల మందికి పైగా ఉన్నారని అప్పటి లెక్క. గర్భిణులు ఎక్కువగా చనిపోయారు. ఆ ఏడాది వరదల తర్వాత యమున దారి మారింది. దిగువన నదిలో కలవవలసిన నజఫ్‌గఢ్ కాలువ మురుగు ఎగువకు మళ్ళి వజీరాబాదు దగ్గర మంచినీళ్ళు తోడే చోటికి చేరింది. అధికారులు ప్రమాదం గమనించి క్లోరిన్ పెంచారు. దానివల్ల విరేచనాల జబ్బులు పెరగలేదు గాని కామెర్లు ఆగలేదు. ఆ రోజుల్లో హెపటైటిస్ ఈ అనే పేరే లేదు. దాచి ఉంచిన రక్త నమూనాలను తర్వాత పరీక్షించి ఆ పేరు పెట్టారు. వెనక్కి పారిన మురుగు మొదట ఎవర్ని చంపుతుందో మన దేశానికి అప్పటి నుంచీ తెలుసు.

మన దగ్గరకే వద్దాం. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో నల్లా నీళ్ళలో మురుగు కలిసి పలువురు చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో అదే జరిగింది. రెండుచోట్లా పోయినవాళ్ళు ఎక్కువగా రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాలవాళ్ళు. రెండుచోట్లా మొదట పైపులు మార్చమని అడిగినవాళ్ళున్నారు, ఆ తర్వాత చావులొచ్చాయి, ఆ తర్వాత పైపులొచ్చాయి. ఈ వరుస ఎప్పుడు మారుతుంది?

కామెర్లతో ఇంకో చిక్కుంది. విరేచనాలైతే నీళ్ళు తాగిన ఒకటి రెండు రోజుల్లో బయటపడతాయి, వీధంతా ఒక్కసారి గోల పెడుతుంది. హెపటైటిస్ ఈ బయటపడడానికి రెండు వారాల నుంచి పది వారాల దాకా పడుతుంది. కళ్ళు పచ్చబడే నాటికి వానలు తగ్గుతాయి, గుంట ఎండిపోతుంది, లీకు ఎవరో పూడ్చి ఉంటారు. అప్పుడు నీళ్ళు పట్టి పరీక్ష చేస్తే ఏమీ దొరకదు. "మా నీళ్ళలో దోషం లేదు" అని కాగితం వస్తుంది. అందుకే జబ్బు వచ్చాక చేసే పరీక్ష మనకు న్యాయం చెయ్యదు. రాకముందు, రోజూ, ట్యాంకు దగ్గర కాక చివరి కుళాయి దగ్గర చేసే పరీక్షే కావాలి.

ఇక మోటార్ల సంగతి. ఇది మన మధ్య కూడా చేదుగా ఉండే విషయం గనక దాటెయ్యకుండా మాట్లాడుకోవాలి. మునిసిపల్ లైనుకు నేరుగా మోటారు బిగిస్తే అది తన వాటా నీళ్ళతో పాటు మొత్తం పైపును పీల్చేస్తుంది. దిగువ ఇళ్ళకు నీళ్ళందవు సరికదా, పైపులో చిల్లులున్న ప్రతిచోటా బయటి మురికి లోపలికి వస్తుంది. మోటారు పెట్టుకున్న ఇంటికి నీళ్ళు, పక్క ఇంటికి మురుగు. మా సంఘంలో మోటారున్న ఇళ్ళవాళ్ళున్నారు, లేనివాళ్ళున్నారు. ఒకసారి సమావేశంలో ఈ మాట వస్తే ఇద్దరక్కచెల్లెళ్ళలాంటి వాళ్ళు నెల రోజులు మాట్లాడుకోలేదు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళ కొట్లాట మీద ఎన్ని జోకులున్నాయో, ఎన్ని కార్టూన్లు వచ్చాయో, సినిమాల్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర చెడగొట్టుకుని లేచి, గంటలో ఇంటికి కావలసిన నీళ్ళు పట్టుకోలేకపోతే రోజంతా మాటలు పడేది ఆడదే గనక కొట్లాడేదీ ఆడదే. చాలని నీళ్ళు చాలని ఒత్తిడితో వదిలి, వాళ్ళలో వాళ్ళనే కొట్టుకోమని వదిలేసింది ఎవరు? ఆ కొట్లాటలో అతను కనిపించడు. కనిపించేది పక్కింటి పిన్నీ, ఎదురింటి వదినా.

మోటార్లు పట్టుకుపోయే దాడులు మా ఊళ్ళోనూ జరిగాయి. ఎవరివి పోయాయి? వీధిలో కనపడేలా బల్ల కింద పెట్టుకున్న చిన్న ఇళ్ళవాళ్ళవి. ఇంటి లోపల సంపు కట్టుకుని, మోటారును గచ్చు కింద దాచుకున్న పెద్ద ఇళ్ళ జోలికి ఎవరూ పోలేదు. లాడ్జీల్లో, నర్సింగ్ హోముల్లో, అపార్టుమెంట్లలో బోరు నీళ్ళ లైనునూ మునిసిపల్ లైనునూ ఒకే పైపుకు కలిపేస్తారు. బోరు మోటారు వేసినప్పుడు దాని ఒత్తిడికి ఆ నీళ్ళు మునిసిపల్ లైనులోకి తోసుకుపోతాయి. ఇది మోటారు పీల్చడానికి ఏమాత్రం తీసిపోని ప్రమాదం. ఇలాంటి కలయికల కోసం మా ఊళ్ళో ఒక్క లాడ్జీనైనా తనిఖీ చేసినట్టు మేమెన్నడూ వినలేదు. చట్టం చిన్న గుమ్మాల్లోకి మాత్రమే వంగి దూరుతుందని మనకు కొత్తగా తెలిసిందా?

మోటార్లు ఉండాలని నేను అనడం లేదు. పోవాలి. గుంటలూ పోవాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే నా ప్రశ్న. ఒత్తిడి పెంచకుండా మోటారు పీకేస్తే ఆ ఇంటి ఆడమనిషి మైలు దూరం బిందె మోస్తుంది. గుంట పూడ్చేస్తే ఆ వీధికి నీళ్ళే ఉండవు. నీళ్ళు పైకెక్కేలా చేసి, ఆ తర్వాత మోటారు నేరమనండి. మేమే వచ్చి పీకించేస్తాం.

ఇక్కడ మన ఉద్యమాల తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఇరవై నాలుగు గంటల సరఫరా అనే మాట ఈ దేశంలో ప్రపంచ బ్యాంకు రుణాలతోనూ, ప్రైవేటు కంపెనీలతోనూ, పెరిగే బిల్లులతోనూ కలిసి వచ్చింది. కర్ణాటకలో హుబ్లీ ధార్వాడలలో కొన్ని వార్డులకు అలాగే వచ్చింది. నీళ్ళను సరుకు చెయ్యొద్దని మనం వ్యతిరేకించాం. ఇప్పటికీ నా మాట అదే. కాని ఆ వ్యతిరేకతలో "ఎన్ని గంటలిస్తేనేం, అందరికీ ఇస్తే చాలు" అని కూడా అనుకున్నాం. గంటలూ శుభ్రతా వేరువేరు విషయాలనుకున్నాం. అది పొరపాటు. ఆ హుబ్లీ ధార్వాడలలోనే పరిశోధకులు కుళాయి నీళ్ళు పరీక్షించి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం, కొద్దిగంటలే సరఫరా ఉన్న చోట్ల దాదాపు 32 శాతం నమూనాల్లో మలం ద్వారా వచ్చే ఈ కోలి క్రిమి కనిపించింది. ఎడతెగకుండా సరఫరా ఉన్నచోట అది 1 శాతం కూడా లేదు. ఊరు అదే, కుళాయి దగ్గర తేడా మాత్రం ఇంత. పైపు ఖాళీ కాకపోవడమే శుభ్రత అని దీనర్థం.

దానికి ప్రైవేటు కంపెనీయే రావాలా? అక్కర్లేదని ఒడిశా చూపింది. 2021 జులైలో పూరీ పట్టణం మొత్తానికి కుళాయి దగ్గరే తాగదగిన నీళ్ళు రోజంతా ఇవ్వడం మొదలుపెట్టారు. చేసింది ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. ఇంటింటికీ వెళ్ళి నీళ్ళు పరీక్షించడం, మీటరు చూడడం, బిల్లు వసూలు చెయ్యడం స్వయం సహాయక బృందాల మహిళలకు అప్పగించారు. వాళ్ళను జలసాథీలంటారు. అక్కడ లోపాలే లేవని కాదు. ప్రభుత్వ రంగంలో, మన పొరుగునే, మనలాంటి జనంతో సాధ్యమైన పని మన ఊళ్ళలో ఎందుకు అసాధ్యమో అడగడానికి అది చాలు.

"డబ్బుల్లేవు" అంటారు. ఈ జవాబును 1980లోనే సుప్రీం కోర్టు కొట్టేసింది. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊళ్ళో మురుగుతో బాధపడిన వీధి జనం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళారు. మునిసిపాలిటీ నిధులు లేవంది. జస్టిస్ కృష్ణయ్యరు ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రజల ఆరోగ్యం కాపాడే విధి నుంచి డబ్బుల్లేవన్న సాకుతో మునిసిపాలిటీ తప్పించుకోవడానికి వీల్లేదు. ఆ వీధి వాళ్ళు వాడుకున్నది అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం నాగరిక్ సురక్షా సంహితలో అది 152వ సెక్షనుగా ఉంది. 1991లో సుభాష్ కుమార్ కేసులో కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని అదే కోర్టు అంది. మన హైదరాబాదు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడే కేసులోనూ 2000 డిసెంబరులో మంచినీటి హక్కును గట్టిగా చెప్పింది. 2010 జులై 28న ఐక్యరాజ్య సమితి మంచినీటినీ పారిశుధ్యాన్నీ మానవ హక్కుగా గుర్తించినప్పుడు మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది. ఓటు న్యూయార్కులో వేశారు. దాన్ని మా చివరి వీధి గుంట దాకా తీసుకురావలసింది మనం.

నీళ్ళు కాచుకోవడం తప్పని నేననను. పైపులు బాగుపడేదాకా కాచుకోవలసిందే, ముఖ్యంగా గర్భిణులున్న ఇళ్ళలో. కాస్తే క్రిములు చస్తాయి, అది నిజం. కాని ఆ సలహా ఎవరి భుజాన ఎంత మోపుతోందో చూడండి. గ్యాసు ఆమెది, సమయం ఆమెది, మరిచిపోతే నేరం ఆమెది. పళ్ళు తోముకునే నీళ్ళూ, కూరలు కడిగే నీళ్ళూ, పసిబిడ్డ నోట్లోకి పోయే స్నానం నీళ్ళూ ఎన్ని కాస్తుంది? కలిగినవాళ్ళు ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుని కుళాయిని గిన్నెలు తోమడానికి వదిలేశారు. దానితో కుళాయి నీళ్ళ గురించి అధికారుల్ని నిలదీసే గొంతులు కూడా తగ్గిపోయాయి. ఊళ్ళో నోరున్న సగం మంది క్యానులోకి వెళ్ళిపోయాక మిగిలిన సగం మంది గుంటలోనే మిగిలారు.

ఆ అమ్మాయి పోయాక మేం చేసిన పని చిన్నదే. మురుగు క్రిములుంటే నల్లబడే సీసాలు తెప్పించాం. ఈ పద్ధతిని 1982లో మన దేశపు శాస్త్రజ్ఞులే కనిపెట్టారు. సీసాలో నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే చాలు, ల్యాబ్ అక్కర్లేదు. ట్యాంకు దగ్గర నుంచి చివరి ఇంటి దాకా వరుసగా నీళ్ళు పట్టి పేర్లు అంటించాం. ట్యాంకు సీసా అలాగే ఉంది. బజారు సీసా అలాగే ఉంది. గుంటల వీధి సీసాలు తారులాగా నల్లబడ్డాయి. అవన్నీ పళ్ళెంలో పేర్చి తీసుకెళ్ళి ఆ అత్తగారే ఇంజనీరుగారి బల్లమీద పెట్టింది. "ట్యాంకు కాడ బాగానే ఉన్నాయి బాబూ, మీరు చెప్పింది నిజమే" అంది. ఆయన చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నారు. ఆరు నెలల తర్వాత ఆ వీధికి కొత్త పైపు వచ్చింది, కాలువకు అవతలి పక్కన. మిగతా వీధులకు ఇంకా రాలేదు.

ఈ అనుభవం మీద ఆధారపడి, మన సంఘాలు ప్రతి ఊళ్ళోనూ అడగవలసినవి ఇవి అనుకుంటున్నాను.

ఒకటి, నీళ్ళ నాణ్యతా ఒత్తిడీ ట్యాంకు దగ్గర కాదు, ప్రతి లైనులో చివరి కుళాయి దగ్గర కొలవాలి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన ప్రమాణం. మందు చుక్కలు వేసి రంగు చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఫలితం వార్డులో బోర్డు మీద రాయాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగాలి.

రెండు, మురుగు కాలువల్లోంచి పోయే ప్రతి పైపునూ బయటికి తీయాలి. గుంట కుళాయిలను నేలకు పైకి లేపి, నీరు వెనక్కి పోనివ్వని వాల్వు బిగించాలి. చిన్న ఇళ్ళకు ఈ ఖర్చు మునిసిపాలిటీదే కావాలి. ఒకరి ఇంటి వాల్వు వీధి మొత్తాన్ని కాపాడుతుంది గనక అది ఆ ఇంటి సొంత ఖర్చు కాదు.

మూడు, తనిఖీ పెద్ద గుమ్మాల నుంచి మొదలవాలి. లాడ్జీలు, ఆస్పత్రులు, అపార్టుమెంట్లు, ఫ్యాక్టరీలు. బోరు లైను మునిసిపల్ లైనుతో కలవకూడదు. సంపులో పడే పైపు మూతికీ నీటి మట్టానికీ మధ్య ఎప్పుడూ ఖాళీ ఉండాలి. మధ్యలో గాలి ఉంటే నీరు వెనక్కి ఎక్కలేదు. ఇంతకంటే చవకైన రక్షణ ఏ శాస్త్రంలోనూ లేదు. ఇది మన ఇళ్ళకూ వర్తిస్తుంది. కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టాన్ని బకెట్లో ముంచి వదిలెయ్యకూడదు. ఇది మాత్రం ఎవరినీ అడగకుండా ఈరోజే మానెయ్యగలం.

నాలుగు, పరీక్షల పని వార్డు మహిళలకు ఇవ్వాలి, జీతం ఇచ్చి మరీ ఇవ్వాలి. "సేవ" పేరుతో ఆడవాళ్ళ చేత ఉచితంగా చేయించుకునే పనుల జాబితా ఇప్పటికే పెద్దది.

అయిదు, ఎక్కడ కామెర్లు కనిపించినా ఆ వీధిలోని గర్భిణులందరినీ వెంటనే గుర్తించి మంచి నీళ్ళు అందించాలి. జబ్బు చేసినవాళ్ళకు రక్తపరీక్ష ఉచితంగా చెయ్యాలి. కామెర్లతో పోయిన గర్భిణి చావును నీటి చావుగా నమోదు చెయ్యాలి. లెక్కలో లేని చావుకు జవాబుదారీ ఉండదు.

రాజ్యాంగానికి 74వ సవరణ నీటి సరఫరాను పట్టణ స్థానిక సంస్థల పనుల్లో చేర్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ సంస్థల్లో సగం సీట్లు మహిళలకు కేటాయించారు. ఆ సీట్లలో కూర్చునేవాళ్ళ వెనక భర్తలు కాకుండా మనం నిలబడితే, వాళ్ళు వేసే మొదటి ప్రశ్న పైపుల గురించి కావచ్చు. అక్షరాలు దిద్దుకుంటూ సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్ళు పుట్టిన నేల ఇది. సీసాలో నల్లబడిన నీళ్ళను చదవడం అంతకంటే కష్టమేమీ కాదు.

ఆ అత్తగారు ఇప్పుడు నీళ్ళు కాస్తూనే ఉంది. అయితే వాల్వు తిప్పే కుర్రాడు కనిపించినప్పుడల్లా ఆపి అడుగుతుంది. ఇవాళ ఎన్ని గంటలిస్తున్నావు, లైను ఎక్కడైనా పగిలిందా, క్లోరిన్ చూశారా అని. మొదట్లో అతను విసుక్కునేవాడు. ఇప్పుడు ఆమె అడక్కముందే చెప్పి పోతున్నాడు.